ముందు సంతకం పెట్టని మా బావ

మా బావ కుమారస్వామి ఏ పనిలోనూ ముందుండడు. అలాగని వెనకా ఉండడు. ఎదుటి మనిషీ తనూ ఒకే క్షణంలో చెయ్యాలి. ఇచ్చినా, పుచ్చుకున్నా, తిట్టినా, దండం పెట్టినా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే: "ఒక్కపారే!" ఈ మాటతో ఆయన హనుమకొండలో సగం మందిని పరేషాన్ చేశాడు. మిగతా సగం మంది ఆయన కనబడగానే పక్క గల్లీలోకి తిరిగిపోతారు కాబట్టి బతికిపోయారు.

వాళ్ళ గల్లీలోనే వెంకటయ్య సారు అని ఒక రిటైరైన డ్రిల్లు మాస్టరు ఉన్నాడు. ఆయనకూ ఒక పట్టుదల ఉంది. చిన్నవాడే ముందు దండం పెట్టాలంటాడు. ఒకరోజు పొద్దున ఇద్దరూ ఎదురుపడ్డారు. మా బావ చేతులు ఛాతీ దాకా లేపి ఆపేశాడు. ఆయన నడుము దాకా లేపి ఆపేశాడు.

"పెట్టవయ్యా దండం," అన్నాడు మాస్టరు.

"మీరు గూడ లేపుండ్రి సార్. ఒక్కపారే పెడ్దాం."

"నీకంటె ఇరవై ఏండ్లు పెద్దోన్ని!"

"అందుకే ఆగిన సార్. మీ చేతులు లేచేటాలకు జర టైం పడ్తది గద."

చేతులు లేపి ఒకరి మీదొకరు గుడ్లురుముతూ నిలబడ్డ ఇద్దరిని చూసి, కొట్టుకుంటున్నారనుకుని పాలవాడు సైకిల్ పడేసి మధ్యలోకి ఉరికాడు. రెండు దండాలూ ఆ పాలవాడికే తగిలాయి.

కుమార్‌పల్లి మార్కెట్లో కూరగాయలమ్మే సరస్వతికి మా బావ వస్తున్నాడంటే జ్వరం వచ్చినంత పనయ్యేది. సంచి ఒక కొస ఆమె పట్టుకోవాలి, ఒక కొస ఈయన పట్టుకుంటాడు. ఇంకో చేతిలో ఫోను. "నేను నొక్కుతాన్న, నువ్వు సంచి ఇడువు. ఒకటి, రెండు, మూడు!" ఆమె విడిచింది. ఫోన్లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. తనకు ముందే సరుకు వచ్చేసిందని మా బావ కంగారుపడి సంచి మళ్ళీ ఆమె ఒళ్ళో పెట్టాడు. అప్పుడు టింగుమంది ఫోను, పైసలు పోయాయి. ఇప్పుడు కంగారు సరస్వతి వంతు. "సారూ, మీ తోటకూరకు దండం. ముదిరిపోక ముందే తీస్కపోండ్రి!" అని మొత్తుకుంది.

ఇటువంటి మనిషి మా ఇంటికి అల్లుడెలా అయ్యాడని అడుగుతారు. అదీ ఇలాగే అయ్యాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కింద మా శకుంతలక్కను చూసుకోవడానికి వచ్చి, ఉప్మా తిని, చెయ్యి కడుక్కున్నాడు. మా నాయన ఆనవాయితీగా అడిగాడు.

"పిల్ల నచ్చిందా?"

"ఆమెకు నేను నచ్చిన్నా?" అన్నాడు మా బావ.

మా ఇంట్లో ఆ ప్రశ్న అంతవరకూ ఎవరికీ తట్టలేదు. మా నాయనకు పొలమారింది. "ముందు నువ్వు చెప్పు బిడ్డా," అన్నాడు.

"నేను ముందు చెప్ప. ఆమెను గూడ ముందు చెప్పమనను. చెరొక చీటీ రాస్తం, ఒక్కపారే మీ చేతుల పెడ్తం. మీరు రెండు ఒక్కపారే ఇప్పాలె."

రెండు చేతుల్లో రెండు చీటీలు పట్టుకుని రెండూ ఒకేసారి విప్పడం ఎంత కష్టమో మీరే ప్రయత్నించి చూడండి. మా నాయన పళ్ళ సాయం తీసుకున్నాడు. బావ చీటీలో "నచ్చింది" అని ఉంది. అక్క చీటీలో "నచ్చిండు, కాని జర తిక్క ఉన్నట్టున్నది" అని ఉంది. తిక్క అనే ముక్క మా నాయన పంటి కింద పోయింది కాబట్టి పెళ్ళి కుదిరింది.

పెళ్ళి తంతు మొత్తంలో ఆయనకు నచ్చింది జీలకర్ర బెల్లం ఒక్కటే. తెర అడ్డం, ముహూర్తం టైము, ఒకరి తల మీద ఒకరు, ఒకే క్షణం! "మన పెద్దోళ్ళు ఎంత ఖచ్చితంగ రాసిండ్రు చూసినవా," అని పీటల మీదే నాతో అన్నాడు. అంతా బాగానే ఉంది గానీ తల మీది చెయ్యి తియ్యడు. ఆమె తీస్తే తను తీస్తానంటాడు. ఆయన తియ్యకుండా తనెట్లా తీసేదని మా అక్క. బెల్లం కరిగి చెవుల్లోకి కారుతుండగా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. పంతులు గారికి తరవాతి పెళ్ళికి టైమై, ఇద్దరి చేతులూ పట్టి ఆయనే లాగేశాడు.

ఈ గుణానికి తగ్గ వృత్తి దేవుడే చూపించాడు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక మెట్ల కింది గదిలో మా బావ డిజిటల్ సంతకాల దుకాణం పెట్టాడు. అదే గదిలో ఓ మూల నా జిరాక్స్ మిషన్. డిజిటల్ సంతకమంటే పెన్నుతో గీకేది కాదు. పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ ఒకటి ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చి, మనకు మాత్రమే తెలిసిన పిన్ కొడితే కాగితం మీద ముద్ర పడుతుంది. పక్కన పచ్చ టిక్కు వస్తుంది. ఆ తరవాత అది నాది కాదు, నేను పెట్టలేదు, ఆ రోజు నాకు జ్వరం అంటే కుదరదు.

"అందుకే రాంచందర్, ఇది కత్తి," అని నాకు పాఠం చెప్పేవాడు. "ఒప్పందం మీద ఇద్దరు పెట్టాలె గద? ముందు పెట్టినోడు దొరికిపోయినోడు. ఎనుక పెట్టెటోడు దొర. ముందు పెట్టినోని కాగితం చేతుల పట్టుకోని ఊరంత తిరుగొచ్చు."

"గంత ఫికరెందుకు బావా? నమ్మకం అనేది లేదా?"

"ఉన్నది. ఇద్దరికి ఒక్కపారే ఉండాలె."

ఇక మా అక్కతో పోట్లాడినప్పుడు చూడాలి. తప్పయిందని ఇద్దరూ ఒకేసారి అనాలి. ఒకటి, రెండు, మూడు అంటాడు. ఇద్దరూ నోరు తెరవరు. ఎదుటివాళ్ళు అంటారేమోనని చెవులు మాత్రం తెరుచుకుని ఉంటారు. ఒకసారి అలా నాలుగు రోజులు లెక్క పెట్టారు. నేను పిరికివాణ్ణని, పుట్టుకతోనే ఎవరినీ నమ్మనివాడు మా బావ అని, మా అక్క గొంతు కోశామని అప్పట్లో గట్టిగా అనుకునేవాణ్ణి. నేను పిరికివాణ్ణన్న మాట ఇప్పటికీ నిజమే.

మొన్న వానాకాలంలో కొత్తవాడ నుంచి లింగమ్మక్క వచ్చింది. జంపఖానాలు నేసే సంఘానికి ఆమె పెద్ద. సంతకాల టోకెన్ను నల్లతాడుకు కట్టి తాయెత్తులా మెళ్ళో వేసుకుని తిరుగుతుంది. చెయ్యి పట్టుకుంటే గింజలొలిచిన మొక్కజొన్న కంకి పట్టుకున్నట్టుంటుంది. నలభై ఏళ్ళ మగ్గం అది.

"సారూ, సంతకం పెట్టాలె," అంది.

"ముందు ఎవరు?" అన్నాడు మా బావ. కూర్చోమని కూడా అనలేదు.

"వాళ్ళు నన్నే ముందు పెట్టి పంపమన్నరు. నిరుడు గట్లనే పెట్టిన."

నిరుడు జరిగింది చెప్పింది. హైదరాబాద్‌లో విజయ్‌కుమార్ అని ఒక షోరూం ఆసామి. నాలుగు వందల జంపఖానాలకు ఒప్పందం రాసి ఈమె సంతకం తెప్పించుకున్నాడు. తను పెట్టలేదు. ఇవాళ పెడతా, రేపు పెడతా అంటూ, ఈమె సంతకం ఉన్న కాగితం పట్టుకుని ఇంకో ఊరి నేతగాళ్ళ దగ్గరికి పోయాడు. కొత్తవాడ వాళ్ళు ఈ ధరకు ఒప్పుకున్నారు, మీరు ఇంకా తగ్గుతారా అని అడిగాడు. వాళ్ళు తగ్గారు. ఈమె మాత్రం సంతకానికి కట్టుబడి, వేరే ఆర్డర్ ఒప్పుకోకుండా, నాలుగు నెలలు మగ్గాలు ఆపుకుని కూర్చుంది.

"పద్నాలుగు మగ్గాలల్ల రెండు పొయ్యిల కట్టెలైనయ్ సారూ. పన్నెండున్నయ్. మళ్ళ ఆయనే అడుగుతాండు, మళ్ళ నాలుగు వందలు. వేరే ఆర్డర్ ఏదీ లేదు. ఈసారి గూడ గట్లనే అయితె మగ్గాలుండయ్."

"ఆయన్ని ఇక్కడికి పిలువక్కా," అన్నాడు మా బావ. "ఒక్కపారే పెట్టిస్త."

విజయ్‌కుమార్ జంపఖానాల నమూనాలు చూడటానికి ఎలాగూ వరంగల్ వచ్చేవాడే. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, తియ్యటి మాట. "ఏంటమ్మా, మన మధ్య ఇదంతా ఎందుకు? ఫస్ట్ మీరు పెట్టేయండి, నేను కార్లో కూర్చుని పెట్టేస్తా," అన్నాడు. మా బావ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా లింగమ్మక్కను కూర్చోబెట్టి, చెరో ల్యాప్‌టాప్ ముందు పెట్టాడు. నా చేతికి ఒక తువ్వాల ఇచ్చాడు.

"మధ్యల పట్టుకో. ఒకరి వేలు ఒకరికి కనవడొద్దు. మూడు అనంగనే ఇద్దరు నొక్కాలె."

పెళ్ళిలో మేనమామలా తెర పట్టుకుని నిలబడ్డాను. జిరాక్స్‌కు వచ్చిన ముగ్గురు అక్షింతలు లేవేమని అడిగారు. ఒకటి, రెండు, మూడు. ఏ మౌసూ టక్కుమనలేదు.

"నా మౌస్ పని చెయ్యడం లేదు," అన్నాడు విజయ్‌కుమార్.

"నా మౌస్ మంచిగనే ఉన్నది," అంది లింగమ్మక్క. "ఆయన నొక్కడని నొక్కలే."

తొమ్మిదిసార్లు లెక్కపెట్టాం. తొమ్మిదిసార్లూ ఆయన మౌస్ పాడైంది. నా భుజాలు పడిపోయాయి.

"అయితె కొంచెం కొంచెం పెడ్దాం," అన్నాడు మా బావ. ముందు తెల్లకాగితం మీద రిహార్సల్. ఆమె ఒక అక్షరం, ఆయన ఒక అక్షరం. మధ్యలో ఎవరు లేచిపోయినా ఒక్క అక్షరమే నష్టం. ఆలోచన బాగానే ఉంది. ఆమె 'లిం', ఆయన 'వి'. ఆమె 'గ', ఆయన 'జ'. ఆమె 'మ్మ' అని రాసి పెన్ను పెట్టేసింది.

"ఆగు!" అని అరిచాడు మా బావ. "ఆమె సంతకం అయిపొయ్యింది. ఈయన ఇంక నడిమిట్లనే ఉన్నడు. ఆమె నిండ మునిగింది, ఈయనకు మోకాళ్ళ దాకనే నీళ్ళున్నయ్!"

సరిపెట్టడానికి ఆమె పేరు వెనక ఊరు చేర్చాడు. వర్ధన్నపేట ఆమె పుట్టిల్లు. ఇప్పుడు ఆమెది పొడుగైంది. ఆయనది ముందే అయిపోయింది. "ఇప్పుడు నేను మునిగినట్టే కదా," అని విజయ్‌కుమార్ తన తండ్రి పేరు చేర్చాడు. ఆమె మామ పేరు చేర్చింది. ఆయన తాత పేరు చేర్చాడు. కాగితం అయిపోయి బల్ల మీదికి వచ్చేసరికి ఇద్దరి వంశవృక్షాలూ పూర్తయ్యాయి గానీ సంతకం కాలేదు.

"మధ్యల ఒక మనిషిని పెడ్దాం," అన్నాడు చివరికి. "ఇద్దరు ఆయనకియ్యుండ్రి. రెండు చేరినంక ఆయన అటుదిటు, ఇటుదటు ఇస్తడు."

"ఎవరు? మీరా? మీరు ఆమె మనిషి," అన్నాడు విజయ్‌కుమార్. "మా మేనేజర్ని పెడదాం."

"మేనేజరు మీ మనిషి," అంది లింగమ్మక్క.

"మా రాంచందర్?" అన్నాడు మా బావ నన్ను చూపించి.

"వద్దు!" అన్నారు ఇద్దరూ.

మా బావ ముఖం వెలిగిపోయింది. "చూసినవా, ఒక్కపారే అన్నరు!" అని నా వీపు తట్టాడు. నాకైతే ఆ ఆనందంలో పాలు పంచుకోవాలనిపించలేదు.

విజయ్‌కుమార్ లేచాడు. తీపి అయిపోయింది. "రేపు సాయంత్రం ఐదింటి వరకు అమ్మ సంతకం నా మెయిల్‌కు రావాలి. రాకపోతే ఆర్డర్ వేరే ఊరికి పోతుంది," అని కారెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు మూడింటికి లింగమ్మక్క మళ్ళీ వచ్చింది. మెడలోంచి టోకెన్ తీసి బల్ల మీద పెట్టింది. "పెట్టేస్త సారూ. పోతె పోనీ. ఉట్టిగ కూసోని పోగొట్టుకునుడుకంటె పెట్టి పోగొట్టుకుంట." ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళేమీ లేవు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మా బావ ఆమె టోకెన్ ఆమె చేతిలోనే పెట్టాడు. తన కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా ఏదో కొట్టాడు. సొరుగులోంచి తన సొంత టోకెన్ తీసి గుచ్చాడు, పిన్ కొట్టాడు. నేను వంగి చూసి అదిరిపోయాను. అవే నాలుగు వందల జంపఖానాలు, అదే ధర, అవే షరతులు. కొనేవాడు కుమారస్వామి. కింద పచ్చ టిక్కు. పక్కన లింగమ్మక్క సంతకం పెట్టాల్సిన గడి ఖాళీగా ఉంది.

"బావా! ఆమెది ఏది?"

"అక్కెర లేదు."

"ముందు పెట్టినవు! నువ్వు!"

"కండ్లు కనవడ్తానయ్ నాకు, మొత్తుకోకు," అని కసిరి, లింగమ్మక్క వైపు తిరిగాడు. "అక్కా, ఇది నీ ఫోన్‌కు పంపిన. నువ్వు పెట్టే పని లేదు. ఆయన నిరుడు నీ కాగితం పట్టుకోని తిరిగిండు గద? ఇయ్యాల నువ్వు నా కాగితం పట్టుకోని తిరుగు. ఆయనకు చూపెట్టు."

"ఆయన చూసి గూడ పెట్టకుంటె?"

"పెట్టకుంటె నేను కొన్నట్టే. సంతకం పెట్టినంక కాదంటనా?"

మా బావ ఇల్లు రెండు గదులు. నాలుగు వందల జంపఖానాలు! నేను వెంటనే మా అక్కకు ఫోన్ చేశాను. పిరికివాడికి అక్క కాక ఇంకెవరు దిక్కు? ఆమె, "కింద పరవంగ మిగిలినయి గోడలకు కొట్టుకుందాం. ఆయన్నేం అనకు," అని పెట్టేసింది. ఆ ఇంట్లో నేనొక్కణ్ణే మామూలు మనిషినని నాకు అప్పుడే అర్థమైంది.

లింగమ్మక్క ఆ కాగితం విజయ్‌కుమార్‌కు పంపింది. నాలుగున్నరకు ఆయన నుంచి మా బావకు ఫోన్ వచ్చింది.

"మీరు దుకాణం ఆయనే కదా? మీకు నాలుగు వందలు ఎందుకండీ? మీ వెనక ఏ షోరూం ఉంది?"

"ఏ షోరూం లేదు సార్. నేనే."

"నాకు చెప్పకండి. ముంబై వాళ్ళా?"

"ఎవ్వరు లేరు సార్. ఒట్టు."

ఒట్టు అనేసరికి విజయ్‌కుమార్‌కు అనుమానం గట్టిపడింది. జీవితంలో ఎన్నడూ ఒక్క నిజం చెప్పనివాడికి ఎదుటివాడి నిజమంత భయం ఇంకోటుండదు. ఒక్కడే ముందు సంతకం పెట్టాడంటే ఎంత పెద్ద పార్టీ వెనక ఉందోనని ఆయనే లెక్క వేసుకున్నాడు. నాలుగు నలభైకి ఆయన సంతకం లింగమ్మక్క మెయిల్‌కు వచ్చింది. ముందు ఆయనది. పచ్చ టిక్కుతో. ఆమె మా కంప్యూటర్లోనే తనది కూడా పెట్టి పంపించి, కుర్చీలో వెనక్కి వాలి, "చాయ్ తాగుత సారూ," అంది. పన్నెండు మగ్గాలకూ ఆరు నెలల పని.

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ మా బావ కాగితం ఆమె దగ్గర అలాగే ఉంది. ఆమె ఎప్పుడు సంతకం పెట్టినా మా బావ ఇంకో నాలుగు వందలు కొనాల్సిందే. మా అక్క నిజంగానే గోడలు కొలిచింది.

మూడో రోజు మధ్యాహ్నం మా బావ భోజనానికి ఇంటికి పోయాడు. లింగమ్మక్క వచ్చింది. "రాంచందర్, సారు కాగితం రద్దు జేసేది రాయి. నేను పెడ్త," అంది.

"రాసిన గని, సారును రానీ అక్కా. ఇద్దరు పెట్టాలె. ఆయన సంగతి నీకెరుకే గద."

"ఆయనకు నేనాగాల్నా? నా కోసం ఆయనాగిండా?" అని మెడలోంచి టోకెన్ తీసి గుచ్చి పిన్ కొట్టేసింది. పచ్చ టిక్కు పడింది. పక్క గడి ఖాళీ. నేను బావకు ఫోన్ చేసి, తాపీగా, "లింగమ్మక్క నీ కాగితం రద్దుకు సంతకం పెట్టింది, తిన్నంక రా," అన్నాను.

ఫోన్లో పీట జరిగిన చప్పుడు వినబడింది. ఐదు నిమిషాల్లో మా బావ దుకాణంలో ఉన్నాడు. కుడి చేతికి మెంతికూర పప్పు. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి మా అక్కది. ఎగశ్వాసగా ఉంది.

"బుద్ధున్నదారా నీకు? ఆమెతోని పెట్టించి తిన్నంక రమ్మంటవా? జరుగు!" అని నన్ను కుర్చీలోంచి తోసేసి పిన్ కొట్టాడు. తప్పు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పు. ఇంకోసారి తప్పితే టోకెన్ మూసుకుపోతుంది.

నాకేమీ అర్థం కాలేదు. ఆ కాగితం రద్దయితే లాభం ఆయనకే. ఆమె ముందు పెట్టినందుకు ఆమెకు పోయేదేమీ లేదు. ఆయన పెరుగన్నం కూడా తిని, ఓ కునుకు తీసి వచ్చినా మునిగేదేమీ లేదు.

"బావా, మెల్లగ. ఎవరికి ఏం నష్టం లేదిక్కడ," అన్నాను.

ఆయన వినలేదు. కళ్ళు మూసుకుని ఒక్కొక్క అంకె కొట్టాడు. పచ్చ టిక్కు పడింది. రెండు పేర్లూ పక్కపక్కన కనబడ్డాక గానీ మా బావ ఊపిరి వదల్లేదు.

లింగమ్మక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "గిదేంది సారూ, నేను ముందు పెట్టినందుకు గింత ఉరుకుడా? నేనేమన్న గుంజుకపోతననుకున్నవా?"

"అది కాదక్కా," అన్నాడు మా బావ, నేల చూపులు చూస్తూ. "కాగితం మీద నువ్వొక్కదానివే ఉంటివి గదా."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ మనిషి తనకోసం భయపడుతున్నాడని అనుకున్నాను. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఆ మాట ఆయనతో అందామని నోరు తెరిచేలోపే మా బావ సిగ్గుపడిపోయి, ఆ సిగ్గు కప్పుకోవడానికి జిరాక్స్ మిషన్ మీద దుమ్మేమిటని నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. లింగమ్మక్క కొంగు తడిపి కీబోర్డు మీది పప్పు తుడుస్తూ కూర్చుంది. మూడు అంకె మీట మాత్రం ఇప్పటికీ మెంతికూర వాసన వస్తుంది.